నాలుగు నంబర్ల వీణ

తప్పుగా నేర్చుకున్న పాటను ఒక్క అక్షరం కూడా తప్పకుండా వాయిస్తే దాన్ని తప్పు అనాలా, ఒప్పు అనాలా? నాకు ఇప్పటికీ తెలియదు. జీవితమంతా పుస్తకాలు చదువుతూనే గడిపాను. వాటిలో ఒక్కటీ ఈ సంగతి ఎత్తలేదు. ఈ ప్రశ్నను నా నెత్తిన పెట్టిన మనిషి మా ఎదుటింటి మణిమేగలై.

తమిళనాడు ధర్మపురి బజారులో వాళ్ళది తాళ్ళ అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. పేరుకు అంగడి భర్త మణివణ్ణన్‌ది. ఆయన స్టూలు మీద కూర్చుని తాడు కొలుస్తాడు. కొలవడం ఆయన పని, మాట్లాడటం ఆమె పని. ఎవరు వచ్చి ఏ తాడు అడిగినా "ఏమిటికి?" అని అడగనిదే ఆమె ఇవ్వదు. కుక్కను కట్టడానికి అంటే, ఎంత కుక్క అంటుంది. వచ్చినవాడు చేత్తో ఎత్తు చూపిస్తే, అది ఇంకా పెరుగుతుందా, ఇంతటితో సరా అని విచారిస్తుంది. కుక్క వయసు, గుణం, ఎవరి ఇంటి నుంచి తెచ్చారో అన్నీ తేలాక గానీ తాడు కత్తిరించరు. కంబైనల్లూరు నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆ అంగడి ఇలాగే నడుస్తున్నది, నష్టపోయిందీ లేదు.

ఆమె గొంతు పెద్దది. బస్టాండు వైపు పోయేవాళ్ళను కూడా పిలిచి నిలబెట్టగలదు. తాళ్ళు అమ్మడానికి అంత గొంతు అవసరమే. చిక్కల్లా నవరాత్రికి వస్తుంది.

మణివణ్ణన్ అన్నగారి భార్య వసంతకుమారి. పక్క వీధిలో వాళ్ళ ఇల్లు. ఆ ఇంట్లో ఏటా బొమ్మల కొలువు పెడతారు. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు తలా ఒక పాట పాడాలి, ఆ తరవాతే తాంబూలం, సుండల్ అనే శనగ గుగ్గిళ్ళు. మణిమేగలై కూడా పాడేది. ఆమె పాడుతుంటే మూడో మెట్టు మీద సరుకులు పరుచుకుని కూర్చున్న శెట్టి బొమ్మ ఒక అంగుళం పక్కకు జరిగిందని వసంతకుమారి ఊరంతా చెప్పింది. పోయిన సంవత్సరం మణిమేగలై ఇంకా గొంతు సవరించుకుంటూ ఉండగానే, వసంతకుమారి సుండల్ పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"నువ్వు పాడవద్దులే మేగలా. సుమ్మా ఊరికే కూర్చో. నీకు సుండల్ ముందే ఇస్తాండా."

గదిలో అందరూ నవ్వారు. మణిమేగలై కూడా నవ్వింది, సుండల్ తిన్నది, ఇంకాస్త అడిగి కూడా పెట్టించుకుంది. మరునాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చింది.

"అన్నా, వచ్చే కొలువుకు ఆ బొమ్మల ముందర కూర్చుని ఒక పాట మొదలుపెట్టి, ముగించి లేస్తా. నడుమ ఎవరూ పళ్ళెం తీసుకొని రాకూడదు. అంతే నాకు కావలసింది."

"పాట నేర్చుకుంటావా?"

"నా గొంతు ఇంక మారదు. వీణ నేర్చుకుంటా. వీణకు గొంతు వద్దు గదా."

వీణ ఆ వారంలోనే వచ్చేసింది. పక్కనే ఇండూరులో ఒక బంధువు కూతురు నెల రోజులు నేర్చుకుని, ఇంజనీరింగులో చేరి అటక మీద పడేసిన వీణ అది. దాన్ని షేర్ ఆటోలో తెచ్చారు. దారిలో కదలకుండా మణివణ్ణన్ నైలాను తాడుతో బిగించాడు. లారీ సరుకుకు వేసే ముడులు వేయడంతో, ఇంటికి వచ్చాక దాన్ని విప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

వీణ నేర్పే టీచరు ఊళ్ళో లేకపోలేదు. అభిరామి అనే అమ్మాయి నేర్పుతుంది. అయితే ఆమె ఉండేది వసంతకుమారి మేడ మీది వాటాలో. అక్కడికి వీణ మోసుకుపోతే దండోరా వేసినట్టే. ఫోనులో చూసి నేర్చుకోమన్నాను. ప్రయత్నించిందట.

"స అని చూపించినాడు. రి అనేలోపల సబ్బు ప్రకటన వచ్చింది. మళ్ళీ స దగ్గరికి పోయినా. మళ్ళీ సబ్బు. ఆ సబ్బు పాట మాత్రం వచ్చేసింది నాకు. పుస్తకమే మేలన్నా. అది మన కోసరం కూర్చుని ఉంటుంది. నువ్వు చదివేవాడివి గదా, మంచిది చూసి ఇప్పించు."

నన్ను అంతవరకూ ఎవరూ ఇలాంటి పనికి పిలవలేదు. మా తెలుగువాళ్ళలో తెలుగు అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఇక్కడ తక్కువ. ఆంధ్ర వైపు నుంచి పెళ్ళి పత్రిక వస్తే ముహూర్తం ఎప్పుడో చూసి చెప్పమని నా దగ్గరికి తెస్తారు, అంతవరకే. అందుకని సంతోషంగా బయలుదేరాను.

మొదట మా ఊళ్ళోనే లోకనాథన్ పుస్తకాల అంగడికి పోయాము. అతను బడి పుస్తకాలు, గైడ్లు అమ్ముతాడు.

"వీణకు గైడు ఉండాదా?" అని అడిగింది మణిమేగలై.

"ఏ క్లాసుకు?"

"మొదటి నుంచీ. వెనక జవాబులు ఉండల్ల."

లోకనాథన్ లోపలికి పోయి చాలాసేపు వెతికి వచ్చాడు. "గైడు రాలేదక్కా. ఎల్‌కేజీ రంగుల పుస్తకంలో వీణ బొమ్మ ఉండాది. ఇచ్చేదా?"

దాన్ని ఆమె తిప్పి చూసి, "దీనికి తీగలు మూడే వేసినారు," అని తిరిగి ఇచ్చేసింది.

తరవాతి ఆదివారం సేలం పోయాము. తొప్పూరు కనుమ దిగుతున్న బస్సులో, ముందు సీటు కమ్మీ రెండు చేతులా పట్టుకుని అడిగింది.

"అన్నా, ఒక పుస్తకం మంచిదని ఎట్ల కనిపెడతావు?"

"మొదట ముందుమాట చదువుతాను."

"అందులో పాట ఉంటుందా?"

"ఉండదు."

"మరి ఏమిటికి చదివేది?"

"రాసినవాడు ఎట్లాంటివాడో తెలుస్తుంది."

"వాణ్ణి మనమేమన్నా అల్లుడిగా తెచ్చుకోబోతామా అన్నా," అంది. వెనక సీటులో ఎవరో నవ్వారు. బస్సు మలుపు తిరగడంతో నేనూ ముందు సీటు కమ్మీ పట్టుకున్నాను.

సేలంలో విశ్వనాథన్ అనే పెద్దాయన అంగడిలో సంగీతం పుస్తకాలకు ఒక అర ఉంది. ఆయన మూడు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిది ఇంగ్లీషుది, నిండా ఫొటోలు. మణిమేగలై దాన్ని నడుమకు తెరిచి బల్ల మీద పెట్టి చేతులు తీసేసింది. అది టపీమని మూసుకుంది.

"నా రెండు చేతులూ వీణ మీద ఉంటాయి. దీన్ని ముక్కుతో పట్టుకునేదా?"

రెండోది తెలుగు పుస్తకం. నేను దాన్ని చూడగానే మనసు పారేసుకున్నాను. పెద్ద అక్షరాలు, ఎడంగా వేసిన స్వరాలు, అర పేజీ దాటని ముందుమాట. రాసినాయన తనకు తెలియని విషయాలు కూడా అందులో ఒప్పుకున్నాడు.

"ఇదే తీసుకో మేగలా."

"నాకు తెలుగు చదవను రాదే."

"నేను నేర్పుతాను. నువ్వు మాట్లాడే మాటే గదా, త్వరగా వస్తుంది."

"మాట్లాడను వచ్చిన దాన్ని మళ్ళీ చదివేది ఏమిటికన్నా? వీణకు పుస్తకం, పుస్తకానికి నువ్వు. ఇట్లయితే నవరాత్రి వచ్చి పోతాది."

మూడోది తమిళ పుస్తకం. పాతది, మట్టిరంగు అట్ట. మణిమేగలై దాన్ని తెరిచి లోపలి కుట్టు మీద బొటనవేలు పోనిచ్చింది. గోటితో దారాన్ని కాస్త పైకి లేపింది. తరవాత రెండు అట్టలూ చెరొక చేత పట్టుకుని బలంగా లాగింది.

"అమ్మా, అది పుస్తకం," అన్నాడు విశ్వనాథన్, కుర్చీలోంచి లేస్తూ.

"పుస్తకమే. పురిపెట్టిన దారంతో కుట్టినారు, ముడి లోపలికి వేసినారు. తెలిసినవాడు చేసిన పని." ఆమె దాన్ని బల్ల మీద తెరిచి పెట్టింది. అది నెమరేసే ఆవులాగా కదలకుండా పడుకుంది. "ఇది చాలు."

"లోపల ఏముందో చూడవా?"

"లోపల వీణ ఉంటాది. ఇంకేముంటాది?"

ముందుమాట చదవనిమ్మని అడిగాను. అప్పటికే మణివణ్ణన్ ఇచ్చి పంపిన తాడుతో పుస్తకాన్ని కట్టేసింది. ఆ ముడులు విప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మరునాటి నుంచి సాధన మొదలైంది. నాకు సంగీతం తెలియదు. ఎదుటింట్లోంచి వచ్చేది వింటూ చదువుకునేవాణ్ణి. ఒక స్వరం పైన మోగేది, దాని తరవాతది ఎక్కడో పాతాళంలో మోగేది, ఇంతలో పక్కనుంచి గజ్జె తెగిపడినట్టు టింగుమని ఇంకోటి. ఒక్కొక్కప్పుడు కనుమ ఎక్కే లారీలాగా భోం అని మూలిగేది. ఎంతో పై తరగతి సంగీతం అయి ఉంటుందని గౌరవంగా అనుకున్నాను. అంగడికి వచ్చినవాళ్ళు లోపల ఏమిటి శబ్దం అని మణివణ్ణన్‌ను అడిగేవాళ్ళు.

"తీగలు సరిచేస్తాండారు," అనేవాడు ఆయన. మళ్ళీ నవరాత్రి దగ్గరపడే దాకా అదే జవాబు చెప్పాడు.

ఇందులో గొప్ప సంగతి ఏమిటంటే, ఏ రోజు విన్నా అది ఒకే తీరుగా ఉండేది. పాతాళంలోకి దిగవలసిన చోటే దిగేది, టింగు మనవలసిన చోటే టింగు మనేది. వర్షం వచ్చినా, కరెంటు పోయినా, లారీ వచ్చి కొబ్బరి తాళ్ళు దింపుతున్నా పొల్లు పోయేది కాదు.

కొలువుకు రెండు రోజుల ముందు ఆమె పుస్తకం పట్టుకుని వచ్చింది.

"అన్నా, పాట నాకు మొత్తం వచ్చేసింది. మాటలు తెలుగే గానీ పాతకాలం తెలుగు. అర్థం చెప్పు. వసంతక్క అడిగితే చెప్పల్ల."

పుస్తకం తెరిచాను. పైన స్వరాలు, కింద తెలుగు పాట తమిళ అక్షరాల్లో. అక్షరాల నెత్తిన చిన్న చిన్న అంకెలు.

"ఈ నంబర్లు చూసినావా?" అంది గర్వంగా. "అవే కష్టం. ఒకటి అంటే మొదటి తీగ. నాలుగు అంటే నాలుగో తీగ, లావుది. పై స్వరాన్ని చూసి మెట్టు, కింద నంబరు చూసి తీగ. కొన్ని అక్షరాలకు నంబరు లేదు. వాటికి పక్కన తాళం తీగలు ఉండాయే, అవి. అది నేనే కనిపెట్టినా."

నాకేదో అనుమానం వచ్చి ముందుమాటకు తిప్పాను. ఆ రెండు పేజీలూ ఎవరూ ముట్టుకోనట్టు తెల్లగా ఉన్నాయి. అందులో స్పష్టంగా రాసి ఉంది. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. ప, ఫ, బ, భలకూ ఒకటే. తెలుగు పాటను తమిళ అక్షరాల్లో రాస్తే ఏది ఎలా పలకాలో తెలియదు కాబట్టి, మొదటి పలుకుకు ఒకటి, రెండో దానికి రెండు, అలా నాలుగు దాకా అంకెలు వేశారు. మ, ర, ల, వ లాంటి వాటికి ఆ తికమక లేదు, అందుకని వాటికి అంకె లేదు.

అదంతా ఆమెకు చదివి వినిపించాను. మణిమేగలై అరుగు మీద కూర్చుంది.

"అంటే ఇది తీగ నంబరు కాదా?"

"కాదు. పాదము అని ఉందనుకో. పా మీద ఒకటి, ద మీద మూడు. ఆ అంకెలు లేకపోతే తమిళంవాళ్ళు బాదము అని పాడతారు."

"వీణకు తీగలు నాలుగు. నంబర్లూ నాలుగే. ఎవరైనా ఏమనుకుంటారన్నా?"

నిజమే. నేనైనా అదే అనుకునేవాణ్ణి.

"మరి తెలుగు తెలిసినవాళ్ళకు ఈ నంబర్లతో ఏం పని?"

"ఏ పనీ లేదు. మన కోసం వేసినవి కావు ఇవి."

"మనకు అక్కర లేని దాన్నే ఇన్ని నెలలు నేర్చుకున్నానా," అంది. తరవాత వేళ్ళు లెక్కపెట్టుకుంటూ, "అయితే అన్నా, మన ఊరు పేరు వాయించవచ్చు. ధ నాలుగో తీగ. ర్మ పక్క తీగ. పు మొదటిది. రి మళ్ళీ పక్కది," అంది.

ఆ సాయంత్రం సరైన పద్ధతిలో వాయించి చూసింది. నేను అక్కడే ఉన్నాను. అంకెలు వదిలేసి, స్వరం ప్రకారం మొదటి తీగ మీద మెల్లగా పోనిచ్చింది. నాకు కూడా తెలిసిపోయింది, అది పాట. చక్కగా, సాధువుగా ఉంది.

అంతలో అంగడిలోంచి మణివణ్ణన్ కొలబద్ద చేతిలో పట్టుకుని పరుగెత్తి వచ్చాడు. "ఏమైంది? వీణ చెడిపోయిందా?"

మణిమేగలై వీణను ఆపింది. ఒకసారి భర్త ముఖం, ఒకసారి నా ముఖం చూసింది.

"అంతా ఒకే తీగ మీదనే అయితే మిగతావి ఏమిటికన్నా? అద్దెకు ఉండాయా? నా చేతికి ఇది రాదు. రెండు దినాల్లో మార్చుకోను కూడా కాదు. నేర్చుకున్నదే వాయిస్తా. నువ్వు నాతో రా."

"నేనెందుకు?"

"అక్షరాలు సరిగ్గా పడతాండాయా లేదా చూసేదానికి ఒక మనిషి ఉండల్ల."

కొలువు గది నిండా ఆడవాళ్ళు. మగవాళ్ళలో లోపలికి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. వీణను చూసి వసంతకుమారి బొమ్మల ముందు ఒక పీట వేసింది. పక్కన వీణ టీచరు అభిరామి కూర్చుని ఉంది. మణిమేగలై పుస్తకాన్ని నేల మీద తెరిచి పెట్టి, బొమ్మలకు నమస్కారం చేసి మొదలుపెట్టింది.

మొదటి అక్షరానికే లావు తీగ భోం అంది. ఒక పసిబిడ్డ ఉలిక్కిపడి తల్లి కొంగు పట్టుకుంది. పాట నడుస్తున్న కొద్దీ గదిలో వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొందరు తాళం వేయబోయి చెయ్యి గాలిలోనే ఆపేశారు. పల్లవి కాగానే వసంతకుమారి పళ్ళెం తెచ్చింది.

"చాలా బాగుంది మేగలా. ఇదో, సుండల్."

"ఇంకా చరణం ఉండాదక్కా. పక్కన పెట్టు," అంది మణిమేగలై, తల ఎత్తకుండా.

వసంతకుమారి పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చరణం అంతా ఆమె నిలబడే విన్నది. మణిమేగలై ఒక్క అంకె తప్పలేదు. ముగించి చేతులు తీసింది. అభిరామి గొంతు సవరించుకుంది.

"అక్కా, ఇది ఏ రాగం?"

"రాగం పుస్తకంలో వేసిండాది. నేను వాయించింది స్పెల్లింగు."

"స్పెల్లింగా?"

మణిమేగలై వివరంగా చెప్పింది. ముందుమాట చదవని సంగతి కూడా దాచలేదు. అభిరామి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. నవ్వు తగ్గాక, కళ్ళు తుడుచుకుంటూ ముందుకు జరిగింది.

"నా పేరు వాయించక్కా."

అ పక్క తీగ. భి నాలుగో తీగ. రా, మి పక్క తీగలు. గోడలు అదిరేలా మోగిన ఆ 'భి' విని అభిరామి పొంగిపోయింది. అంతే, ఒక్కొక్కరూ తమ పేరు చెప్పారు. మధుమితకు 'ధు' లావు తీగ మీద పడింది. వళ్ళి అనే ఆమెకు రెండూ పక్క తీగలే వచ్చాయి.

"నా పేరు అంతేనా? ఇంకొంచెం గట్టిగా ఏదైనా వేయక్కా."

"నీ అమ్మా నాయనా పెట్టినప్పుడే చూసుకోవలసింది."

పళ్ళెం పట్టుకుని నిలబడిన వసంతకుమారి అప్పుడు పళ్ళెం కింద పెట్టి కూర్చుంది. "ఏదీ, నాది వాయించు చూస్తాం," అంది, అక్కర లేనట్టుగా.

ఆరు అక్షరాల పెద్ద పేరు. నడుమ రెండు మాత్రం మొదటి తీగకు దక్కాయి. మిగతావి టింగు టింగుమని పక్కనే తేలిపోయాయి.

"నీ పేరు చానామటుకు పక్కనే ఉండాదక్కా," అంది మణిమేగలై. గది గొల్లుమంది. వసంతకుమారి కూడా నవ్వక తప్పలేదు. నవ్వాక ఆమె ఒక మాట అన్నది. ఆ ఇంట్లో ఆ మాటను మణిమేగలైతో ఎవరూ ఎన్నడూ అనలేదు.

"బాగుండాది మేగలా. ఇంకొక పాట వాయించు. ఎవరూ లేవద్దండి, తాంబూలాలు తెస్తా," అని లోపలికి పోయింది.

మణిమేగలైకి వచ్చిన పాట అదొక్కటే. ఆ సంగతి ఆ గదిలో ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె నా వైపు చూడలేదు. పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది. వీణను గోనెసంచిలో దూర్చి, ఈసారి ఒకే ఒక్క ముడి వేసింది. ఆడవాళ్ళు ఎవరి పేరుకు ఎన్ని లావు తీగలు వచ్చాయని వాదించుకుంటూ ఉన్నారు. వాళ్ళ నడుమ నుంచి, చీర ఎవరికీ తగలకుండా దారి చేసుకుంటూ గడప దాటింది. బొట్టు పెట్టించుకోలేదు. పోయి వస్తానని ఒక్కరితోనూ అనలేదు, నాతో కూడా.

వసంతకుమారి తమలపాకుల పళ్ళెంతో తిరిగి వచ్చేసరికి బొమ్మల ముందు పీట ఖాళీగా ఉంది.

"మేగల యాడ?"

కిటికీ దగ్గర నేనే ఉన్నాను కాబట్టి వంగి చూశాను. వీధి దీపం కింద, వీణను తాళ్ళ కట్టలాగా భుజాన వేసుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, మణిమేగలై వేగంగా మలుపు తిరుగుతున్నది.

"నా పేరు ఇంకా కాలేదే," అంది నా వెనక నుంచి కలైసెల్వి అనే ఆమె.